మూరెడు తీసి, మూరెడు కట్టి

ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు మనుషులను చూసేది కాదు. గుమ్మంలో నిలబడి తల పైకెత్తి కప్పు చూసేది. దూలం వెంట, వాసాల వెంట, గోడల మూలల వెంట కళ్ళు తిప్పి, ఆ తర్వాతే "ఏటే, బాగున్నావా?" అనేది. పెళ్ళింటికి వెళ్ళినా అంతే, చావింటికి వెళ్ళినా అంతే. మా అత్త పోయిన రోజున వచ్చి, పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో నా చెయ్యి గిల్లి, "ఆ మూల పెంకు జారిపోయింది సూడు. కార్యం అయిపోగానే ఎక్కించు" అంది. మళ్ళీ ఏడుపు అందుకుంది.

మొన్న పాయకరావుపేట నుంచి వచ్చిన ఒకామె బెల్లం మార్కెట్ దగ్గర కనబడి, ఆవిడ పోయిందని చెప్పింది. పోయి చాలా రోజులైందట. పెద్దకార్యం కూడా అయిపోయిందట. నాకెవరూ కబురు చెప్పలేదు. చెప్పడానికి నేను చుట్టాన్ని కాను. మార్కెట్లో పక్కపక్కన చీపురు పట్టినవాళ్ళం, అంతే. ఆ మాట విన్నాక ఇంటికి వచ్చి అన్నం వండుకున్నాను గానీ తినబుద్ధి కాలేదు.

నేను ఆవిడను అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అక్కను అప్ప అంటారు. మార్కెట్లో మా పని బెల్లం దిమ్మలు బళ్ళకెత్తాక నేల ఊడవడం, కింద కరిగి కారిన నల్లబెల్లం గీకి డబ్బాలకెత్తడం. పని చేస్తున్నంతసేపూ ఆవిడ ఒక కన్ను ఆకాశం మీదే ఉంచేది. వానను వాన అనేది కాదు, చుట్టం అనేది. తూర్పున కాస్త నల్లబడితే చాలు, "సుట్టం దిగీలాగున్నాడే" అని చీపురు నా మీద పడేసి ఇంటికి పరుగెత్తేది.

"ఎల్లిపోకప్పా, గుమస్తా అరుత్తాడు" అని నేనంటే, "అరవనీయే. ఆడి అరుపుకి గోడ పడదు" అనేది వెనక్కి చూడకుండా.

ఆ గోడ పడకూడదు. ఆవిడకున్న భయం అదొక్కటే, ఆశ కూడా అదొక్కటే.

ఆ ఇల్లు గవరపాలెంలో ఒక ఇరుకు సందులో ఉంది. ఆవిడ తండ్రి కట్టింది. మట్టిగోడలు, పైన సున్నపు పూత, తాటి దూలాలు, నాటుపెంకులు. భర్త పోయి, పిల్లలు లేక, అత్తవారు పొమ్మంటే ఆవిడ తండ్రి దగ్గరకు వచ్చేసింది. తండ్రి పోయాక ఇద్దరు తమ్ముళ్ళూ ఆ జాగా అమ్మి పంచుకుందామన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను చెప్పను. పెద్దవాడు ఏదో కంపెనీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. ఒక నెల పని ఉంటే ఒక నెల ఉండదు. చిన్నవాడు ఆటో తోలుతాడు. పెళ్ళాంతో, ఇద్దరు ఆడపిల్లలతో బైపాస్ పక్కన ఒక్క అద్దెగదిలో సర్దుకుని ఉండేవాడు. వాళ్ళ అవసరం వాళ్ళది.

సందులో పెద్దమనుషులు కూర్చున్నారు. అందరిలోకీ వయసైన ఆయన ఇరుపక్కలా విని, చివరికి ఒక మాట చెప్పాడు. "ఈ ఇల్లు నిలబడున్నన్నాళ్ళూ మీ అప్ప ఇందులో ఉంటాది. ఇల్లు పడిపోయిన నాడు జాగా మీ ఇద్దరిదీ. అప్పుడు అప్ప మాటాడకూడదు." న్యాయంగా చెప్పాడని అందరూ అన్నారు. తమ్ముళ్ళూ అన్నారు, ఆవిడా అంది. ఆ మాట ఎక్కడా రాసుకోలేదు. అప్పటికి ఆవిడకూ నాకూ అక్షరం రాదు. వచ్చినవాళ్ళకు రాయాలని తోచలేదు.

ఆడపిల్లకు కూడా వాటా ఉంటుందట, కోర్టుకు వెళ్ళొచ్చట అని తర్వాతెప్పుడో నేను ఎక్కడో విని చెప్పాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"వాటా అడిగితే తమ్ముళ్ళుండరే. ఇల్లు నిలబెట్టుకున్నాననుకో, ఇల్లూ ఉంటాది, ఆళ్ళూ ఉంటారు."

అలా తన బతుకును ఆ గోడలకు కట్టేసుకుంది.

పెద్ద తమ్ముడు వాన వెలిసిన ప్రతిసారీ సందులోకి వచ్చేవాడు. అప్ప ఎలా ఉందో చూడడానికే వచ్చేవాడేమో, నాకు తెలియదు. కానీ అతని కళ్ళు ముందు గోడ మీద పడేవి. ఆవిడ గుమ్మంలో నిలబడి, "నిలబడే ఉన్నాది బాబూ. రా, టీ తాగెల్లు" అనేది. అతను సిగ్గుపడి నవ్వి లోపలికి వచ్చేవాడు. ఇద్దరూ కూర్చుని టీ తాగేవారు. ఆ వారం ఇంటికి తాను ఏమేం చేసిందో ఆవిడ అతనికే చెప్పేది. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

మొదట్లో ఒక తాపీమేస్త్రిని పిలిచింది. అతను గోడ చుట్టూ తిరిగి, గోరుతో గీరి, రాలిన మట్టి చూసి, "మొత్తం పీకీసి కట్టాలప్పా" అన్నాడు.

"పీకకుండా కట్టు."

"పీకకుండా ఎలా కడతారే? నోట్లో అన్నం ముద్ద ఉండగా ఇంకో ముద్ద ఎట్టినట్టు."

"అలాగే ఎట్టు. పీకితే ఇల్లు పడిపోయినట్టే. నా తమ్ముడు వీధి సివరే ఉన్నాడు."

మేస్త్రి నవ్వి వెళ్ళిపోయాడు. మరి రాలేదు. ఆవిడ మెయిన్ రోడ్డుకు వెళ్ళి తనకొక తాపీ, ఒక గుండు కొని తెచ్చుకుంది. గుండంటే దారానికి కట్టి గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఇనపముక్క. దాన్ని కొన్నాళ్ళు మెళ్ళో తాళిలా వేసుకుని తిరిగింది. మార్కెట్లో ఆడవాళ్ళు "ఏటప్పా, మళ్ళీ పెళ్ళాడేవా?" అని అడిగితే, "ఆడేను. మొగుడు మంచం మీదున్నాడు, లేపి నిలబెట్టాలి" అనేది.

అప్పటి నుంచి ఆవిడకు ఒకటే చట్టం. "తియ్యడం నేదు, ఎయ్యడమే." పాతది ఏదీ తీయకూడదు. తీస్తే పడగొట్టిందంటారు. దూలం వంగితే తీయలేదు, కింద కర్ర పోటు పెట్టింది. ఆ కర్ర కుంగితే దానికి పక్కన ఇంకో కర్ర. పగులు వస్తే దాని మీద పూత, ఆ పూత పగిలితే దాని మీద ఇంకో పూత. చివరికి ఆ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే కర్రల మధ్య నుంచి పక్కకు తిరిగి దూరాల్సి వచ్చేది. పెంకుల కింద నాయకుల ఫ్లెక్సీలు పరిచింది. ఎన్నికలవగానే చింపేసినవి ఏరి తెచ్చేది. పడుకుని పైకి చూస్తే అన్ని పార్టీలవాళ్ళూ వాసాల మధ్య నుంచి చేతులు జోడించి నవ్వుతుండేవారు.

"ఇంతమంది దణ్ణాలెడతన్నారు గదే, ఒక్కడూ సుట్టాన్ని ఆపడు" అనేది.

గోడల పూత సంగతి చెప్పాలి. సిమెంటు పూస్తే మట్టిగోడకు పట్టదని, పెచ్చులు పెచ్చులుగా ఊడుతుందని ఆవిడకు ఒకసారి పూసి చూశాక తెలిసింది. తన చిన్నప్పుడు తండ్రి సున్నంలో బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి పూసేవాడని గుర్తుంది. పచ్చి గోడ మీద వేలు రాసి నాకితే తండ్రి వీపు మీద కొట్టాడని కూడా గుర్తుంది. బెల్లం ఎంత కలిపాడో మాత్రం గుర్తు లేదు. అడగడానికి ఆనాటివాళ్ళు ఎవరూ లేరు. ఇంకో ఊరివాళ్ళయితే భయపడి చిటికెడు వేసేవారు. ఆవిడ అనకాపల్లి మనిషి.

"ఊరూరికీ మన బెల్లమెల్తంది. మన గోడకి కరువేటే?" అని, మార్కెట్లో మేం గీకి పారేసే నల్లబెల్లం డబ్బాలు డబ్బాలు మోసుకెళ్ళి సున్నంలో కలిపింది. ఎంత బెల్లం పడితే గోడ అంత రాయి అవుతుందని ఆవిడ నమ్మకం. ఆ మాటకొస్తే నేనూ నమ్మాను. బెల్లం కలిస్తే చెడిపోయేది ఒకటుంటుందని మా ఊళ్ళో ఎవరికి తోస్తుంది?

పూసిన రోజున ఇల్లంతా గానుగ దగ్గర పాకం కాస్తున్నట్టు వాసన వేసింది. సందులోవాళ్ళు వచ్చి ముక్కులెగరేసి మెచ్చుకున్నారు. వారం తిరిగేసరికి చీమలు వచ్చాయి. ఎర్రచీమలు, నల్లచీమలు, గండుచీమలు, కిందనుంచి పైకి బారులు. ఆ తర్వాత వీధిలో తిరిగే ఆవు ఒకటి వచ్చి వీధిగోడ నాకడం మొదలుపెట్టింది. తోలితే వెళ్ళేది, మళ్ళీ వచ్చేది. దాన్ని చూసి ఇంకో ఆవు.

"ఒలమ్మో, నీ ఇల్లు ఆవులు తినేత్తన్నాయే!" అని ఎదురింటామె అరిచింది.

"తిననీ. గోమాత నాకిన ఇల్లు. నీ మేడకుందేటి ఆ పున్నెం?" అని ఈవిడ ఇంట్లోంచే జవాబు చెప్పింది. చెప్పి కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. ఆ పూట అందరం పగలబడి నవ్వాం.

వానలు పడ్డాక ఎవరం నవ్వలేదు. ఆ పూత ఆరనే లేదు. వేలు పెడితే జిగురుగా అంటుకునేది. మబ్బు పట్టినప్పుడల్లా గోడకు చెమట పట్టినట్టు గోధుమరంగు నీళ్ళు కారేవి. ఆ తడి లోపలి మట్టిలోకి దిగింది. వంటగది పక్క గోడకు నడుము దగ్గర పొట్ట వచ్చింది. ఆవిడ గుండు వేలాడదీసి చూసింది. దారం కింద నేల దాకా దిగకుండా ఆ పొట్ట మీద ఆగిపోయింది. అది చూసి ఆవిడ అలాగే గోడకు ఆనుకుని కూలబడింది. నేను వెళ్ళి లేపితే ఒకటే మాట అంది.

"నా సేత్తోనే తినిపించేనే దీన్ని."

తర్వాత కొద్దిరోజులు పనికి రాలేదు. వచ్చినప్పుడు ముఖం వేరుగా ఉంది. తీయక తప్పదని తేల్చుకుంది. పైన పూత వేసే కొద్దీ లోపల కుళ్ళుతోంది. తీస్తే ఇల్లు పోతుంది, తీయకపోతే ఇల్లు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఆవిడ ఒక సందు వెతుక్కుంది. మూరెడు తీసి మూరెడు కట్టడం.

దూలం కింద పోట్లు గట్టిగా బిగించి, గోడలో ఒక్క మూర వెడల్పు మాత్రం కింద నుంచి పై దాకా మట్టి తవ్వి తీసేది. ఆ ఖాళీలో వెంటనే ఇటుకలు పేర్చి కట్టేసేది. అది గట్టిపడ్డాక అవతల ఇంకో మూర. వీధిలోంచి చూసేవాడికి గోడ ఎప్పుడూ గోడలాగే ఉండేది. ఇల్లు ఒక్క పూట కూడా పడలేదు. పెద్ద తమ్ముడు వచ్చి, "ఏటి సేత్తన్నావప్పా?" అని అడిగితే, "పళ్ళు కట్టిత్తన్నాను బాబూ. పుచ్చినదాన్ని పీకడం, కొత్తది ఎట్టడం" అంది. అతను నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. ఆవిడ ముందు పళ్ళు నిజంగానే కట్టించినవి.

ఇటుకలకు కొదవ లేదు. చుట్టూ పాత ఇళ్ళన్నీ పడగొట్టి మేడలు లేపుతున్న కాలం. ఎక్కడ ఇల్లు కూలుతున్నా ఆవిడ అక్కడ ఉండేది. మట్టిలోంచి మంచి ఇటుకలు ఏరి, పాత సున్నం గీకి, తట్టలో నెత్తిన పెట్టుకుని తెచ్చేది. ఏ ఇటుక ఏ ఇంటిదో గుర్తు పెట్టుకునేది. "ఇది డాక్టరుగారి వంటగది. ఇది కోమటోళ్ళ దేవుడి గది. నా గోడలో ఊరంతా ఉన్నాదే" అనేది. బెల్లం మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో టీలో వేసుకోవడానికి కూడా పంచదారే కొనేది.

సెలవు రోజుల్లో నేను వెళ్ళి ఇటుకలు అందించేదాన్ని. అప్పుడే నేను సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంటున్నాను. పలక తీసుకెళ్తే చూసి, "నువ్వు పలక మీద పేరుత్తన్నావు, నాను గోడ మీద పేరుత్తన్నాను. ఎవులిది ముందు పడిపోద్దో సూద్దాం" అని ఎగతాళి చేసేది. వేళ్ళు సున్నం తిని ఎర్రగా చిట్లి ఉండేవి. అన్నం కలుపుకుంటే మండుతుందని చెంచాతో తినేది. అది చూసి నేను ఏడిస్తే తిట్టేది.

గోడలయ్యాక దూలాలు మార్చింది. చెద పట్టిన ద్వారబంధం మార్చింది. పెంకులన్నీ దింపి కడిగి, పగిలినవి పారేసి, వేరే ఇళ్ళ నుంచి తెచ్చినవి కలిపి మళ్ళీ పరిచింది. నాయకులందరినీ కిందకు దింపి చుట్టచుట్టి మూల పడేసింది. పోటు కర్రలు ఒక్కొక్కటే తీసేసింది. చివరన వీధి అరుగు కట్టింది. నాలుగు గోడల మధ్య నేరుగా, పక్కకు తిరగకుండా నడవడం అలవాటు తప్పి కొన్నాళ్ళు ఆవిడ తన ఇంట్లో తానే ఒళ్ళు ముడుచుకుని నడిచేది.

ఆ ఏడు మొదటి పెద్ద వాన పగలు పడింది. నేను అక్కడే ఉన్నాను. ఆవిడ అలవాటుగా గిన్నెలు, తపేలాలు, బక్కెట్టు తీసుకెళ్ళి పాత చోట్లలో పెట్టింది. పెట్టి మంచం మీద కూర్చుంది. వాన దంచుతోంది. ఒక్క గిన్నెలోనూ చుక్క పడలేదు. ఎండిన గిన్నెల మధ్య మేమిద్దరం కూర్చున్నాం. ఆవిడకు సంతోషం కలుగుతుందనుకున్నాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని గిన్నెల వంక చూస్తూ, "భయమేత్తందే" అంది.

అనకాపల్లి జిల్లా అయింది. ఆఫీసులు వచ్చాయి, జాగాల ధరలు పెరిగాయి. ఆ సందుకు కూడా కార్లలో మనుషులు వచ్చి అడుగులతో కొలిచి చూసుకుని వెళ్ళేవారు. ఈ ఇల్లు ఇక పడదని తమ్ముళ్ళకు అర్థమైంది. పెద్ద తమ్ముడు మళ్ళీ పెద్దమనుషులను పిలిచాడు. మొదట తీర్పు చెప్పిన పెద్దాయన అప్పటికి లేడు. ఆయన కొడుకు వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. ఎండగా ఉందని నీడ చూసుకుని ముగ్గురూ ఆవిడ కట్టిన అరుగు మీదే కూర్చున్నారు. సందులో జనంతో పాటు నేనూ చుట్టూ నిలబడ్డాను. ఆవిడ అందరికీ మంచినీళ్ళు ఇచ్చింది. ఆవిడకు బెంగ లేదు. ఇల్లు నిలబడే ఉంది కదా, కళ్ళున్నవాడెవడికైనా కనబడుతోంది కదా అన్న ధీమా.

పెద్ద తమ్ముడు తల వంచుకునే మాట్లాడాడు. "నాన్న కట్టిన ఇల్లు నిలబడున్నన్నాళ్ళూ అప్ప ఉంటాదన్నారు. మేం కాదన్నేదు. ఇప్పుడు నాన్న కట్టిన ఇల్లేదండీ?"

"ఎదురుగుండా ఉంటే ఏదంటావేట్రా?" అంది ఆవిడ.

"గోడలు మార్చేవు. దూలాలు మార్చేవు. దొరబందం మార్చేవు. నువ్వే సెప్పేవు గదప్పా, టీ తాగుతూ. ఏ వారం ఏది మార్చేవో అన్నీ నాకే సెప్పేవు."

ఆవిడ తమ్ముడి ముఖంలోకి చూసింది. అతను చూడలేదు.

పెద్దాయన కొడుకు అరుగు మీద అరచేత్తో తట్టి, "మీ నాన్న పెట్టింది ఇందులో ఏటి మిగిలిందో సూపించమ్మా. ఒక్కటి సూపించు సాలు" అన్నాడు. అతను కూడా చెడ్డగా అనలేదు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళింది. లోపల గదిగదికీ తిరుగుతున్న చప్పుడు మాకు వినబడింది. వంటగదిలోకి వెళ్ళింది, పెరట్లోకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఉత్త చేతులతో గుమ్మంలో నిలబడింది.

"నా ముందు పళ్ళు కట్టించినవి బాబూ. అలాగని నాను నాను కానేటి?" అంది.

జనం నవ్వారు. నాకు ఆశ పుట్టింది. పెద్దమనుషుల్లో ఒకాయన కూడా నవ్వి, "పళ్ళు మారితే మనిషే తల్లీ. పళ్ళూ ఎముకలూ తోలూ అన్నీ మారిపోతే ఆ మనిషి ఉన్నాడంటావా, పోయాడంటావా?" అన్నాడు. జనం దానికి ఇంకా ఎక్కువ నవ్వారు. ఆ నవ్వుతోనే తీర్పు అయిపోయింది. మీ నాన్న ఇల్లు ఎప్పుడో పడిపోయింది, నువ్వు మూరెడు మూరెడుగా పడగొట్టావు గనక చప్పుడు కాలేదు అన్నారు. ఇది నీ కష్టం, ఎవరూ కాదనరు, కానీ జాగా వాళ్ళది అన్నారు. తమ్ముళ్ళు ఏదో కొంత చేతిలో పెట్టాలని కూడా అన్నారు.

ఆవిడ అరవలేదు. నేల వైపు చూసి ఆలోచించుకుని, పిల్లలు లెక్క అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"పడిపోనిచ్చుంటే నాను పోవాల. పడకుండా కడితే నాను పోవాల. మరి నానేటి సెయ్యాల్సింది బాబూ? సెప్పండి. నాకు తెలవకడుగుతున్నాను."

ఒకాయన ఇంకో గ్లాసు నీళ్ళడిగాడు. ఆవిడ వెళ్ళి తెచ్చింది.

దీపావళి దాకా ఉండమన్నారు. ఉండలేదు. మా ఇంటికి రమ్మంటే రాలేదు. పాయకరావుపేటలో పినతల్లి కూతురు ఉంటే అక్కడికి వెళ్ళి, ఒక రేకుల గది అద్దెకు తీసుకుంది. హోటల్లో గిన్నెలు కడిగే పని దొరికింది. తాపీ, గుండు గూట్లోనే వదిలేసి వెళ్ళింది. నేను పట్టుకెళ్ళి ఇస్తానంటే, "ఎందుకే?" అంది.

జాగా అమ్ముతామన్నవాళ్ళు అమ్మలేదు. వచ్చినవాడు ఒక ధర చెబితే తమ్ముళ్ళిద్దరికీ ఒకమాట కుదరలేదు. ఇల్లు ఊరికే ఉంటోందని చిన్న తమ్ముడు బైపాస్ పక్క గది ఖాళీ చేసి, పెళ్ళాం పిల్లలతో అందులో దిగాడు. బేరం కుదిరేదాకా అన్నారు. ఇప్పటికీ కుదరలేదు. పడిపోయిన ఇంట్లో వాళ్ళు కాపురం ఉంటున్నారు.

నేను ఆవిడను ఆఖరిసారి చూసింది ఆ ఇంట్లోనే. చిన్న తమ్ముడి పెద్దకూతురికి ఓణీల ఫంక్షను చేశారు. మేనత్త రాకపోతే బాగోదని వెళ్ళి పిలిచారు. వచ్చింది. చిక్కిపోయింది. మేనకోడలికి చీర పెట్టి, నలుగురిలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. సందులో షామియానా వేసి భోజనాలు పెట్టారు. మొదటి బంతి సగంలో ఉండగా వాన వచ్చింది. షామియానా నిమిషంలో కారిపోయింది. విస్తళ్ళు పట్టుకుని అందరూ ఇంట్లోకి పరుగెత్తారు. గదుల నిండా జనం. పైన వాన మోత, లోపల ఒక్క చుక్క లేదు.

"నీ ఇల్లు బాగున్నాదొదినా, కొంచెం కూడా కురవడం నేదు" అని ఎవరో చుట్టం అంది.

"మా ఇల్లు కురవదండి. ఎంత వానైనా ఇంతే" అంది చిన్న తమ్ముడి భార్య, గర్వంగా. ఆ పిల్ల తప్పుగా అనలేదు. ఏళ్ళ తరబడి ఒక్క గదిలో ఉండి వచ్చిన పిల్ల. పక్కనే ఆడపడుచు ఉందని ఆ క్షణంలో గుర్తు లేదు.

ఆవిడ లేచింది. చెప్పులు వెతుక్కుంటుంటే నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఎక్కడికప్పా? విస్తరేత్తన్నారు."

"ఎల్లాలే. అక్కడ నా గది కురుత్తాది. బియ్యం డబ్బా కిందెట్టి వచ్చీసేను."

చిన్న తమ్ముడు జనాన్ని తోసుకుంటూ గొడుగు పట్టుకొచ్చేసరికి ఆవిడ కొంగు తల మీద వేసుకుని సందు దాటిపోయింది. అతను గొడుగుతో గుమ్మంలో కాసేపు నిలబడి లోపలికి వచ్చాడు. వాన సాయంత్రం దాకా కురిసింది. మేమంతా ఆవిడ వేసిన పెంకుల కింద, ఒంటి మీద చుక్క పడకుండా కూర్చుని భోంచేశాం.